జట్కా తోడు

కాటన్‌పేటలో నూలు అంగడి ఉన్న వెంకటరాయప్ప తన ఒక్కగానొక్క కూతురు సొన్నమ్మను కాలేజీకి పంపడానికి ఒప్పుకున్నాడంటే, ఆయనకు ఆడపిల్లల చదువు మీద ఉన్నట్టుండి ప్రేమ పుట్టుకొచ్చిందని ఎవరూ పొరబడనక్కర్లేదు. ఎదురింటి కృష్ణప్ప కూతురు పాపక్క కాలేజీలో చేరింది. కృష్ణప్ప కూతురు చదువుతుంటే తన కూతురు ఇంట్లో అప్పడాలు వత్తుతూ కూర్చోవడం ఆయనకు తల కొట్టేసినట్టయింది. అంతే సంగతి. అయినా ఊరికే ఒప్పుకుంటే తండ్రి ఎట్లా అవుతాడు? ఒక షరతు పెట్టాడు.

“పో, వద్దనను. ఒంటిగా మాత్రం పోకూడదు. యుద్ధమని ఊరంతా మిలిటరీ వాళ్లతో నిండుండాది. మనకి తెలిసినింటి ఆడబిడ్డ ఎవురన్నా జట్కాలో నీ పక్కన ఉండాల. తోడు లేని దినం కాలేజీ లేదు. కాలేజీ నిలిచిన దినం ఆనేకల్ సంబంధానికి సరే అనేస్తా.”

ఆనేకల్ సంబంధమంటే నలభై మగ్గాలు, ఒక మామిడితోట, వాటి వెనక మొదటి భార్య పోయి రెండో భార్య కోసం చూస్తున్న ఒక స్థూలకాయం. సొన్నమ్మ ఆ మనిషిని ఒక పెళ్లిలో చూసింది. పంక్తిలో కూర్చుని రెండు చేతులతోనూ తింటున్నాడు. ఆమెకు బి.ఏ. కావాలి. బి.ఏ. అయితే ఆడపిల్లల బడిలో టీచరు పని దొరుకుతుంది, తన చీర తను కొనుక్కోవచ్చు, ఆనేకల్ వైపు తలెత్తి కూడా చూడక్కర్లేదు. ఇంత కోరిక మనసులో ఉన్న పిల్ల తండ్రి పెట్టిన షరతును చూసి నవ్వుకుంది. తోడుకేం తక్కువ? లోకమంతా తనకు స్నేహితురాళ్లే అవుతారనుకుంది. పదహారేళ్ల వయసులో ఎవరికైనా అట్లాగే అనిపిస్తుంది, దానికి తెలివితేటలతో పనిలేదు.

ఖాదర్ సాబు జట్కాను నలుగురాడపిల్లల ఇళ్లవాళ్లు కలిసి కుదుర్చుకున్నారు. చామరాజపేటలో నాగమ్మను ఎక్కించుకుని, చిక్కపేటలో రత్నమ్మను ఎక్కించుకుని, చివరకు కాటన్‌పేటకు వచ్చి పాపక్కనూ సొన్నమ్మనూ ఎక్కించుకుని, వెనక పరదా దించి, రైలు స్టేషను ముందునుంచి కాలేజీకి తోలుకుపోయేవాడు. వాళ్ల స్నేహం పుట్టింది ఆ జట్కాలోనే. నలుగురి మనసులూ కలిశాయని వాళ్ల నమ్మకం. నిజానికి కలిసింది మోకాళ్లు. అంత ఇరుకు జట్కాలో ఎదురెదురుగా కూర్చున్నాక అవి కలవక ఏం చేస్తాయి? ఖాదర్ సాబు ఇంకో వీధిలో తిరిగి వచ్చి ఉంటే వేరే నలుగురికి స్నేహం కుదిరేది, వాళ్లూ ఇంతే గట్టిగా ఇది పూర్వజన్మ బంధమని చెప్పుకునేవాళ్లు.

కానీ అప్పుడు ఈ మాట వాళ్లతో అని ఉంటే కళ్లు పీకేసేవాళ్లు. శుక్రవారం నలుగురూ ఒకే రంగు చీర. లెక్చరర్లందరికీ నలుగురికే తెలిసిన మారుపేర్లు. ఒకరికి జలుబు చేస్తే మిగతా ముగ్గురూ తుమ్మేవాళ్లు. బసవనగుడి శెనక్కాయల పరస తిరునాళ్లకు పోయినప్పుడైతే నలుగురూ పిడికిట కాయలు పట్టుకుని, బసవన్న ముందు నిలబడి, బి.ఏ. అయ్యేదాకా పెళ్లి మాట ఎత్తబోమని ఒట్టు పెట్టుకున్నారు. ఒట్టు అయిపోగానే ఆ కాయలు అక్కడే ఒలుచుకుని తినేశారు.

ప్రేమించుకోవడానికి నలుగురుంటే, ఎగతాళికి ఒకరైనా ఉండాలి కదా. అందుకు పిల్లమ్మ దొరికింది. కాడుగోడి నుంచి రోజూ రైల్లో వచ్చి, స్టేషను నుంచి కాలేజీకి నడిచిపోయే పిల్ల. పుస్తకాలను బిందెలాగా చంకలో పెట్టుకుంటుంది. మధ్యాహ్నం అందరి ముందే రాగిసంకటి ముద్ద విప్పుకుని, ఆకుకూర పులుసు పోసుకుని, ఎవరు చూస్తున్నారో ఏమనుకుంటున్నారో అన్న చింత లేకుండా తింటుంది. జట్కా ఆమెను దాటిపోయే ప్రతిసారీ పాపక్క పరదా సందులోంచి చూసి “మూట పోతా ఉండాది” అనేది. మిగతా ముగ్గురూ పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్లు. నాలుగైదు నెలల్లోనే ఆ మాటలో పస అంతా పోయింది. అయినా నవ్వడం మానలేదు, ఎందుకంటే నవ్వకపోతే ముగ్గురిలో ఎవరికి కోపం వస్తుందో తెలియదు. స్నేహం నిలబెట్టుకోవడానికి ఇంత శ్రమ పడుతున్నామని వాళ్లకు తోచలేదు.

ఇంటర్మీడియట్ రెండో ఏడు సగంలో నాగమ్మకు పెళ్లయింది. కోలారులో ఇవ్వడం, అత్తగారింటికి పంపడం, అన్నీ ఒక్క నెలలో ముగిశాయి. ఒట్టు సంగతి ఎవరూ గుర్తు చేయలేదు. పెళ్లి పందిట్లో మిగతా ముగ్గురూ ఒకరి భుజం మీద ఒకరు పడి ఎంతలా ఏడ్చారంటే, పెళ్లికొడుకు తల్లి బెదిరిపోయి ఎవరైనా పోయారా అని అడిగింది. సోమవారం పొద్దున ముగ్గురూ జట్కాలో కాళ్లు చాపుకుని కూర్చున్నారు.

“ఇప్పుడు కదా హాయిగా ఉండేది,” అంది రత్నమ్మ.

మిగతా ఇద్దరూ ఉలిక్కిపడలేదు, కాదనలేదు. ఇంకాస్త కాళ్లు చాపుకున్నారు.

ఆ రత్నమ్మే మరుసటి ఏడు మద్రాసు సంబంధం కుదిరి వెళ్లిపోయింది. ఈసారి ఏడుపులు అంత జోరుగా సాగలేదు. మొదట్లో రోజూ తలుచుకున్నారు. తర్వాత, ఆమె మారుపేరు పెట్టిన లెక్చరరు ఎదురుపడ్డప్పుడు తలుచుకున్నారు. ఆ లెక్చరరు మైసూరుకు బదిలీ అయ్యాక ఆ అవసరం కూడా తీరిపోయింది.

ఇక మిగిలింది పాపక్క. పాపక్క ఉంటే చాలని సొన్నమ్మ ధైర్యం. ఎదురిల్లు, ఒకే వయసు, చిన్నప్పటినుంచీ ఒకరి జడ ఒకరు వేసుకున్నవాళ్లు. లోకంలో ఎవరు మాట తప్పినా పాపక్క తప్పదు. బి.ఏ.లో మొదటి ఏడు ముగిసే రోజుల్లో ఒక సాయంత్రం జట్కా స్టేషను దాటాక, పాపక్క పరదా కుచ్చులు లెక్కపెడుతున్నట్టు చూస్తూ అంది:

“నాకు ఆషాఢం ముందరే పెండ్లి. బళేపేటలో ఇస్తుండారు.”

సొన్నమ్మ చటుక్కున ఆమె వైపు తిరిగింది.

“ఎప్పుడు ఖాయమయ్యె?”

“తాంబూలాలు మార్చుకొని నెలాయె.”

“నెల్లాళ్లుగా నా పక్కనే కూర్చుని, ఒక్క మాట చెప్పకపోతివా?”

“చెప్తే నువ్వు ఏడుస్తావని గమ్మునుంటి.”

సొన్నమ్మ నిజంగానే ఏడ్చింది. ఇల్లు చేరేదాకా ఏడ్చింది. పాపక్క కూడా కాసేపు ముక్కు ఎగబీల్చి, తన మీద ఇంత ప్రేమ ఉందా అని కరిగిపోయి, పెళ్లికి ఎన్ని పట్టుచీరలు తీస్తున్నారో చెప్పి ఓదార్చింది. పాపం పాపక్కకు తెలియదు. ఆ ఏడుపు పాపక్క కోసం కాదు, ఖాళీ కాబోతున్న ఆ చోటు కోసం. ఆనేకల్ మామిడితోట సొన్నమ్మ కళ్లముందు కదులుతోంది. స్నేహితురాలు పోతోందన్న దిగులు ఎంత, తోడు పోతోందన్న భయం ఎంత అని ఆమె లోపల వెతికి చూసుకుంది. దిగులు చేతికి దొరకలేదు.

పాపక్క పెళ్లయింది. సొన్నమ్మ వడపప్పు పంచిపెట్టింది, హారతి పాట పాడింది, ఇంటికొచ్చి మర్నాటినుంచే తోడు వేటలో పడింది. వెంకటరాయప్ప వేటకు అడ్డు రాలేదు, సాయమూ చేయలేదు. తోడు దొరక్కుండా పోవడమే మంచిదని ఆయన లోపల్లోపల అనుకుంటున్నాడు. ఆనేకల్ వాళ్లు రెండుసార్లు కబురు పంపారు. సొన్నమ్మ తల్లి లేని పిల్ల. అవ్వ అక్కయమ్మ తోడు పోదామంటే ఆమె మోకాళ్లు జట్కా ఎక్కే మోకాళ్లు కావు. పనిమనిషిని పంపితే తెలిసినింటి ఆడబిడ్డ అనిపించుకోదు.

కాలేజీలో సొన్నమ్మ ఎవరెవరినో కదిపి చూసింది. బసవనగుడి వైపు పిల్లలకు దారి వేరు. డబ్బున్నవాళ్లకు సొంత బండ్లున్నాయి. మల్లేశ్వరం పిల్లలు బస్సెక్కుతారు. తీరా చూస్తే, మూడేళ్లుగా ముక్కు విరిచి పలకరించనివాళ్లే ఎక్కువమంది ఉన్నారు. జట్కాలో నలుగురం ఉంటే చాలు, లోకంతో మనకేం పని అని మురిసిపోయిన ఫలితం అది. స్టేషను దారిలో కాటన్‌పేటకు దగ్గరగా వచ్చే పిల్ల కాలేజీ మొత్తంలో ఒక్కతే ఉంది. ఆమె ఎవరో సొన్నమ్మకు మొదటిరోజే తెలుసు. చేతిలో మైసూరుపాకు పొట్లంతో మధ్యాహ్నం వసారా మెట్ల దగ్గరకు వెళ్లి నిలబడడానికి మాత్రం వారం పట్టింది.

పిల్లమ్మ సంకటి తింటోంది. సొన్నమ్మ మెట్టు మీద చీర కొంగు పరుచుకుని పక్కనే కూర్చుంది.

“పిల్లమ్మగారూ, బాగుండారా? మిమ్మల్ని చానా దినాల్నించి మాట్లాడించాలని అనుకుంటుండా. మీ చీర అంచు ఎంత బాగుండాదో!”

పిల్లమ్మ ముద్ద మింగి, అంచు వైపు చూసుకుంది. అక్కడ పోగులు లేచి ఉన్నాయి.

“ఏం కావాల?”

“ఏమీ వద్దు. ఊరికే...”

“ఊరికే ఎవురూ మైసూరుపాకు తెచ్చియ్యరు. మొన్నటిదాకా నన్ను ‘అది’ అంటుంటివి, నా ముందర కాదు, నా వెనక. ఈ పొద్దు ‘గారూ’ అంటివి. చెప్పు, ఏం కావాల?”

సొన్నమ్మ పొట్లం పక్కన పెట్టింది. తర్వాత అంతా చెప్పేసింది: తండ్రి షరతు, ఆనేకల్ మగ్గాలు, ఖాళీ జట్కా. చెబుతుండగా మధ్యలో కొంచెం ఏడుపు కూడా కలిపింది. కలపకపోయినా వచ్చేదే, కానీ సమయానికి వస్తుందో రాదోనని ముందే కలిపింది.

పిల్లమ్మ చెయ్యి కడుక్కొచ్చి, ఆలోచించింది.

“స్టేషను కాడ నన్ను ఎక్కించుకొని మీ ఇంటికొచ్చి, ఆమీట కాలేజీకి. సాయంత్రం మళ్లా స్టేషనులో దింపాల, ఆడ్నించి మీ ఇల్లు రెండడుగులే. అంతే కదా? సరే. నడిచేపొద్దు మిగుల్తాది, చదువుకుంటా. అయితే ఒగటి. జట్కాలో నన్ను మాట్లాడించొద్దు. రైల్లో అందరూ మాట్లాడతారు, ఇంట్లో అందరూ మాట్లాడతారు. చదివేకి నాకు ఆ చోటొకటే ఉండేది.”

సొన్నమ్మ అంత తేలిగ్గా పని అయిపోయినందుకు పొంగిపోయి, అక్కడికక్కడే ఆమెను కౌగిలించుకుంది. పిల్లమ్మ తడి చెయ్యిని దూరంగా పెట్టుకుని నిలబడింది.

ఇంట్లో అవ్వ పరీక్ష ఒకటి మిగిలింది. అక్కయమ్మ కంట్లో పొర కమ్మి చూపు మందగించింది కానీ చెవులు మాత్రం చీమ నడిచినా పట్టేస్తాయి. అరుగు మీద కూర్చుని, జట్కాలోని కొత్త పిల్లను ఏ ఊరు, ఎవరి బిడ్డ అని అడిగింది.

“కాడుగోడి అవ్వా. చిక్కమునియప్ప మనమరాల్ని.”

“ఏ చిక్కమునియప్ప? ఎడ్ల జతలు తోలే చిక్కమునియప్పనా? ఆయప్ప మా పుట్టింటికి వస్తుండె తల్లీ! మా నాయన ఆయప్ప చేతిమీద తప్ప ఎడ్లు కొంటుండ్లేదు.” అవ్వ ముఖం వెడల్పయింది, కొడుకు వైపు తిరిగింది. “ఈ బిడ్డ మనింటి బిడ్డే, రాయప్పా. పోనీయప్పా సాబూ, బండి.”

ఆ రోజునుంచి అది అలవాటైపోయింది. పొద్దున జట్కా వచ్చి వాకిట్లో నిలబడుతుంది. సొన్నమ్మ ఇంకా లోపల జడ కుచ్చులు సర్దుకుంటూ, అద్దంలో ముఖం తిప్పి తిప్పి చూసుకుంటూ ఉంటుంది. ఆ కాసేపూ అవ్వ అరుగు మీంచి, పిల్లమ్మ పరదా వెనకనుంచి మాట్లాడుకుంటారు. చదివేటప్పుడు మాట్లాడించొద్దన్న పిల్ల అవ్వ పిలిస్తే పుస్తకం మూసేసేది. వానలు, రాగులు, గొడ్లు, కాన్పులు, దగ్గులు. సొన్నమ్మ ఆ ముచ్చట ఎన్నడూ చెవిన వేసుకోలేదు. ముసలావిడకూ పల్లెటూరి పిల్లకూ బాగా కుదిరిందిలే అనుకుని నవ్వుకునేది.

చలి ముదిరిన అనపకాయల కాలంలో పిల్లమ్మ కొన్నాళ్లు రాలేదు. మొదటిరోజు స్టేషను నుంచి జట్కా ఖాళీగా వచ్చేసరికి సొన్నమ్మ పుస్తకాలు లోపల పెట్టేసింది. తలనొప్పి అని చెప్పి ఇంట్లో ఉండిపోయింది. రెండోరోజూ తలనొప్పే. తండ్రి ఆమె వైపు అదోలా చూడడం మొదలుపెట్టాడు. పిల్లమ్మ తిరిగొచ్చిన రోజు, జట్కా వీధి మలుపు తిరగ్గానే సొన్నమ్మ విరుచుకుపడింది.

“చెప్పాపెట్టకుండా ఇట్ల మానేస్తే నా గతేమి కావాల? మా నాయన ఆనేకల్‌కి మనిషిని పంపేదానికి కూడా రెడీ అయిండె!”

“ఊర్లో పని పడె,” అంది పిల్లమ్మ, పుస్తకం తెరిచి.

ఏం పని అని సొన్నమ్మ అడగలేదు. పని ముగిసింది కదా, చోటు నిండింది కదా, అంతవరకు చాలు. పైగా ఆ కోపం చల్లారాక ఆమెకు పిల్లమ్మ మీద ఒక విధమైన ప్రేమ కూడా పుట్టింది. ఇంతకాలం పక్కపక్కన కూర్చున్నాం, ఒక్కమాట తేడా రాలేదు, అసలైన స్నేహమంటే ఇదేననీ, వెనకటి ముగ్గురూ ఉత్త వాగుడుకాయలనీ తనలో తను తీర్మానించుకుంది. మాట్లాడని మనిషిని ప్రేమించడం చాలా సులువు. మనకు కావలసిన మాటలన్నీ మనమే వాళ్ల నోట్లో పెట్టుకోవచ్చు.

మార్చిలో పాఠాలు అయిపోయాయి. ఏప్రిల్లో పరీక్షలు. ఆఖరి పాఠం రోజు సాయంత్రం స్టేషను ముందు దిగుతూ పిల్లమ్మ అంది:

“రేపట్నించి నేను రాను. పరీక్షలదాకా హాస్టల్లో చోటిచ్చిండారు. రైలు తిప్పలు తప్పె.”

సొన్నమ్మ జట్కాలోంచి ముందుకు వంగింది.

“మరి నేను?”

“నువ్వేమి?” అంది పిల్లమ్మ. ఆమె నిజంగానే అడిగింది. ఎత్తిపొడుపు లేదు, కోపం లేదు.

“పరీక్షలకి నేనెట్ల పోయేది? మనిద్దరం ఇంత స్నేహంగా ఉండి, ఆఖర్లో నన్ను నడిమధ్యలో వదిలేసి పోతావా?”

పిల్లమ్మ పుస్తకాలు చంకలోకి ఎత్తుకుని ఆమె వైపు వింతగా చూసింది.

“నీకు తోడు కావాలంటివి, కూర్చుంటి. నాకు చదివేకి చోటు కావాలంటిని, ఇస్తివి. ఇద్దరికీ సరిపోయె. ఇందులో వదిలేసేది ఏముండాది సొన్నమ్మా?” అని, ఖాదర్ సాబుకు దండం పెట్టి, రైలుకు పొద్దయిందని గబగబా వెళ్లిపోయింది.

సొన్నమ్మ ఇంట్లో ఈ సంగతి చెప్పలేదు. పరీక్షలు నాలుగు పొద్దులు. నాలుగు పొద్దులు తోడు దొరికితే చాలు. పసుపు కుంకుమ ఇవ్వడానికన్న వంకతో, పక్కనేనని ఇంట్లో ఒప్పించి, ఖాదర్ సాబు జట్కాలో బళేపేటకు, పాపక్క అత్తగారింటికి వెళ్లింది. పాపక్కకు ఆరో నెల. ఎదురొచ్చి కౌగిలించుకుని, కాఫీ ఇచ్చి, చక్కిలాలు పెట్టి, కొత్త వెండి చెంబులు చూపించి, తన వేవిళ్ల కథంతా చెప్పింది. ఎంత ప్రేమ! సొన్నమ్మ కళ్లు చెమర్చాయి. అదను చూసి తన సంగతి కదిపింది. పరీక్ష రోజుల్లో పొద్దున వచ్చి జట్కాలో కూర్చుంటే చాలు, అదే జట్కా మళ్లీ ఇంట్లో దించుతుంది.

“అయ్యో, నువ్వింకా చదువుతానే ఉండావా?” అంది పాపక్క కళ్లు పెద్దవి చేసి. “నేను పెండ్లయినాక మానేసి ఉంటావనుకుంటి. మా అత్త ఒప్పదు తల్లీ. బిడ్డ కడుపులో ఉండంగా జట్కాలా? అయినా యాల నీకీ తిప్పలు? ఆనేకల్ సంబంధం మంచిదేనంట కదా. మా మామకి ఆయప్ప బాగా తెలుసు. నేను చెప్పించేదా?”

సొన్నమ్మ చక్కిలం విరిచి నోట్లో పెట్టుకుంది. వెనకటి పాపక్క ఎక్కడైనా దొరుకుతుందేమోనని ఆ ముఖంలోకి వెతుక్కుంటూ చూసింది. ఏమీ మారలేదు, అదే ముఖం, అదే నవ్వు. మూడేళ్లు పరదా సందులోంచి తనతో కలిసి లోకాన్ని చూసి నవ్విన మనిషే. ఆ మనిషికి తనెప్పుడూ ఇంతకంటే ఎక్కువ కాదని, తనకూ ఆమె ఇంతకంటే ఎక్కువ కాదని సొన్నమ్మకు అప్పుడు తెలిసింది. తెలిసి ఒళ్లు మండింది. మర్యాదగా తాంబూలం తీసుకుని వచ్చేసింది.

దారిలో ఖాదర్ సాబే ఉపాయం చెప్పాడు. పరోపకారం కాదు, నాలుగు పొద్దుల బాడుగ పోతుందని ఆయన బాధ.

“పరదా దించుకొని వస్తానమ్మా. లోపల ఎవురుండారని ఎవురు చూస్తారు? బండి వెనక్కి తూగకుండా రెండు గడ్డి మూటలేస్తా. మూటలేం మాట్లాడవు కదా.”

మొదట సొన్నమ్మకు భయమేసింది. తర్వాత, భయం కంటే ఎక్కువగా రోషం వచ్చింది. ఇంతేనా? ఇన్నేళ్లూ ఎవరెవరి గడ్డాలో పట్టుకుని, ఎవరెవరి కోసమో నవ్వి, ఏడ్చి, మైసూరుపాకు మోసింది ఇంతదానికేనా? రెండు మూటలకు సరిపోయే పనికేనా? సరేనంది.

పరీక్ష మొదటి పొద్దు. జట్కా వచ్చి వాకిట్లో నిలిచింది, పరదా నేలదాకా దింపి ఉంది. వెంకటరాయప్ప అంగడి తలుపులు తీయించడానికి వెళ్లాడు. సొన్నమ్మ ఆరోజు అద్దం ముందు నిలబడలేదు. పెన్నూ సిరాబుడ్డీ పట్టుకుని, అవ్వ కాళ్లకు మొక్కి, పరుగున వెళ్లి పరదా కొంచెం మాత్రం ఎత్తి లోపలికి దూరింది. రెండు గడ్డిమూటల మధ్య కూర్చుని, అవ్వకు వినబడేట్టు గట్టిగా అంది:

“జరుగు పిల్లమ్మా, జరుగు.”

అవ్వ అరుగు మీంచి కంఠం పెంచింది.

“పిల్లమ్మా, చానా దినాలాయె కదమ్మా నిన్ను మాట్లాడించి! ఊర్లో అందరూ ఎట్లుండారు తల్లీ?”

సొన్నమ్మ మూటల మధ్య ఒదిగింది. ఖాదర్ సాబు పగ్గాలు పట్టుకుని ఆకాశంలోకి చూస్తున్నాడు. ఊరుకుంటే లాభం లేదు. గొంతు మందం చేసి, కాడుగోడి యాస కలిపి, పిల్లమ్మలాగా పలికింది.

“బాగుండారవ్వా.”

అక్కడితో ఆపి ఉంటే పోయేది. కానీ గొంతు తనకే ఎంతో బాగా కుదిరినట్టనిపించింది. పిల్లమ్మ అయితే ఇంత పొడిగా చెప్పదు, అవ్వతో ఏదో ఒకటి కలిపి చెబుతుంది. ఎడ్ల చిక్కమునియప్ప ఒకడున్నాడని గుర్తొచ్చింది.

“మా తాత కూడా నిన్ను అడిగినాడవ్వా.”

అరుగు మీద అవ్వ లేచింది. చేతికర్ర నేలకు తగిలింది. మోకాళ్లు పట్టుకుంటూ, మెట్టు మెట్టుకూ ఆగుతూ, అవ్వ జట్కా దగ్గరకు వచ్చి నిలబడింది. పరదా ఎత్తలేదు. పరదాకు ముఖం ఆనించినంత దగ్గరగా నిలబడి, మెల్లగా అంది:

“నన్ను అడిగినాడా? పోయినోడు అడిగినాడంటే నేను కూడా మూట కట్టుకోవాల్సిందే.”

సొన్నమ్మ సిరాబుడ్డిని ఒళ్లో పెట్టుకుంది.

“అనపకాయల దినాల్లో పోయె కదే ఆయప్ప. ఆ బిడ్డని సాకి, పదిమంది తిట్టినా చదివించిండేది ఆయప్పే. దినాలు చేసుకొని వచ్చిన పొద్దు ఈ వాకిట్లో, ఈ బండ్లో, నాకు చెప్పుకొని ఎక్కెక్కి ఏడ్చె. నువ్వు లోపల జడేసుకుంటుంటివి. నీతో చెప్పిండాదని అనుకుంటి నేను. సంవత్సరం పక్కన కూర్చుంటివే సొన్నా!”

సొన్నమ్మ ఏ గొంతుతో జవాబు చెప్పాలి? అవ్వ పరదాను వేలితో తాకి చూసింది. ఒక్క చెయ్యి ఎత్తి ఆ పరదా తొలగిస్తే చాలు, ఒక్క కేక అంగడి వైపు వేస్తే చాలు, పరీక్షా లేదు, బి.ఏ.నూ లేదు. సొన్నమ్మ రెండు చేతులూ జోడించి కూర్చుంది. పరదాకు అవతల నిలబడిన ముసలిదానికి ఆ దండం కనపడదు. కనపడినా, దానికి ఆమె విలువిచ్చి ఉండేది కాదు.

“పోనీయప్పా సాబూ,” అంది అవ్వ చివరికి, ఏవగింపంతా గొంతులో వినబడేట్టు. “పరీక్షకి పొద్దయితాది. దానికి ఎవురూ అక్కర్లేదు, ఒంటిగానే బతుకుతాది. మా రాయప్పకి నేను చెప్పేది లేదులే.”

జట్కా కదిలింది. గెలిచానని సొన్నమ్మకు తెలుసు. ఆనేకల్ లేదు, మామిడితోట లేదు, ఇక ఎవరి గడ్డమూ పట్టుకోనక్కర్లేదు. అయినా పక్కనున్న మూటల వైపు చూడలేకపోయింది. చదివిన పాఠం ఒక్కటీ గుర్తు రావడం లేదు. దినాలు చేసుకుని వచ్చిన రోజు పరదా వెనక తను పిల్లమ్మను తిట్టిన తిట్లే మళ్లీ మళ్లీ చెవుల్లో మోగుతున్నాయి.

కాలేజీ ముందు దిగేసరికి అందరూ హాలు వైపు నడుస్తున్నారు. పిల్లమ్మ మెట్ల మీద నిలబడి, పెదవులు కదుపుతూ ఏదో నెమరు వేసుకుంటోంది. సొన్నమ్మ గుంపులో తోసుకుంటూ వెళ్లి ఆమె ముందు నిలబడింది. వచ్చేదారిలో కూడగట్టుకున్న మాటలన్నీ చెదిరిపోయాయి.

“పిల్లమ్మా... మీ తాత పోయినాడంట కదా.”

పిల్లమ్మ పెదవులు ఆగిపోయాయి. ఆమె సొన్నమ్మను కాసేపు అట్లాగే చూసింది. ఆ చూపులో దుఃఖం లేదు, అది ఎప్పుడో వేరేచోట అయిపోయింది. సంతలో ఎవరో పేరు పెట్టి పిలిస్తే, వీళ్లెవరబ్బా అని చూసే చూపు అది.

“అవును, పోయె,” అంది. “గంట కొట్టేసినారు. పద, నీ సీటు ఆ పక్కనుండాది.”